సెయిల్‌డ్రైవ్ సీల్: ఏది మార్చాలి, ఎప్పుడు మార్చాలి, ఎవరితో చేయించాలి

తెరచాప పడవ ఉన్నవాళ్ళెవరైనా "సెయిల్‌డ్రైవ్ సీల్ మార్చాలంటున్నారు, ఎంతవుతుంది?" అని అడిగితే నేను తిరిగి అడిగే ప్రశ్న ఒక్కటే: ఏ సీల్? సెయిల్‌డ్రైవ్ అంటే పడవ లోపలి ఇంజిన్ నుంచి అడుగు గుండా నేరుగా నీళ్ళలోకి దిగే గేర్ల కాలు, దాన్నే లెగ్ అంటాం, ప్రొపెల్లర్ దాని చివర ఉంటుంది. పడవ అడుగున ఆ లెగ్ దిగే పెద్ద కంతను మూసి ఉంచే రబ్బరు డయాఫ్రమ్ ఒకటి. నీళ్ళలో ఉండే లెగ్ చివర, ప్రొపెల్లర్ షాఫ్ట్ చుట్టూ కూర్చునే చిన్న ఆయిల్ సీళ్ళు ఇంకొకటి. డయాఫ్రమ్ పోతే పడవలోకి నీళ్ళొస్తాయి. షాఫ్ట్ సీల్ పోతే గేర్ ఆయిల్‌లోకి నీళ్ళొస్తాయి. మొదటిది మార్చాలంటే ఇంజిన్‌ను కదపక తప్పదు. రెండోది ఇంజిన్ జోలికి పోకుండానే ఒక పూటలో అయిపోతుంది. ఈ తేడా తెలియక, చిన్న పనికి పెద్ద కొటేషన్ ఒప్పుకున్నవాళ్ళున్నారు. పెద్ద పనిని చిన్నదనుకుని ఏళ్ళ తరబడి వాయిదా వేస్తున్నవాళ్ళూ ఉన్నారు.

నేనుండేది స్వీడన్ పశ్చిమ తీరాన గోథెన్‌బర్గ్‌లో. పడవ ఇంజిన్లు చేసే వోల్వో పెంటా ప్రధాన కార్యాలయం ఉన్నది ఇక్కడే. ఇక్కడి రేవుల్లో వోల్వో 120ఎస్, 130ఎస్ లెగ్‌లు ఎక్కడ చూసినా కనిపిస్తాయి, యాన్మార్ ఎస్‌డీ20 కూడా తక్కువేం కాదు. అక్టోబరులో పడవల్ని క్రేన్‌తో ఒడ్డుకెక్కిస్తాం, ఏప్రిల్, మే నెలల్లో మళ్ళీ దించుతాం. మధ్యలో ఉన్న చలికాలమంతా మరమ్మతుల కాలం. కింద రాసినదంతా ఈ రెండు రకాల లెగ్‌లను దృష్టిలో పెట్టుకుని రాసింది.

ముందు జబ్బు ఏదో తేల్చుకోండి

లెగ్ పైన ఉండే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్ళు చేరాయి. అంతమాత్రాన షాఫ్ట్ సీళ్ళే పోయాయని తీర్మానించేయకండి. కింద డ్రెయిన్ ప్లగ్‌కు ఒక ఓ-రింగ్ ఉంటుంది, పైన డిప్‌స్టిక్ మూతకు ఒకటి ఉంటుంది. కొన్ని రూపాయల ఆ రబ్బరు రింగు నలిగినా ఇదే రంగు వస్తుంది. పడవ ఒడ్డున ఉన్నప్పుడు డ్రెయిన్ ప్లగ్‌ను ఒక్కసారిగా విప్పకుండా కొంచెం కొంచెంగా వదులు చేయండి. మొదట తేటగా నీళ్ళు కారి, ఆ వెనక ఆయిల్ వస్తే, ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు నెమ్మదిగా చేరిన నీళ్ళు అడుగున పేరుకున్నాయన్నమాట. మొదటి చుక్క నుంచీ చిక్కటి కాఫీ రంగే వస్తే, నీళ్ళు చేరాక ఇంజిన్ బాగా నడిచింది, గేర్లు ఆ రెంటినీ చిలికేశాయి.

ఆయిల్ తీసేశాక డిప్‌స్టిక్ కంత నుంచి సైకిల్ పంపుతో కొంచెం గాలి పట్టించి, అర బార్‌కు మించకుండా చూసుకుని, షాఫ్ట్ చుట్టూ, ప్లగ్ చుట్టూ, లెగ్ పై సగం కింది సగం కలిసే చోటా సబ్బునీళ్ళు రాయండి. బుడగలు ఎక్కడొస్తే దోషం అక్కడుంది. ఈ పరీక్ష చేయకుండా షాఫ్ట్ సీళ్ళు మార్చేసి, వచ్చే ఏడు మళ్ళీ అదే రంగు ఆయిల్ చూసి తల పట్టుకునేవాళ్ళు ప్రతి వసంతంలోనూ తగులుతారు.

డయాఫ్రమ్ సంగతి లోపలి నుంచి చూడాలి. టార్చ్ పట్టుకుని ఇంజిన్ వెనక్కి వంగి, లెగ్ చుట్టూ ఉన్న బిగింపు రింగును చూడండి. ఆ అంచు వెంట తెల్లటి ఉప్పు పొరలు కట్టి ఉంటే అక్కడ చెమ్మ ఊరుతోందని అర్థం. నీళ్ళు నిలిచి ఉంటే వేలు ముంచి నాలుక్కి రాసుకోండి. చప్పగా ఉంటే వాననీళ్ళో, ట్యాంకు నీళ్ళో. ఉప్పగా ఉంటే అప్పుడు కూడా డయాఫ్రమ్‌ను నిందించే ముందు పైకి చూడండి. ఇంజిన్‌ను చల్లబరిచే సముద్రపు నీరు లెగ్ గుండానే లోపలికొస్తుంది, ఆ వాల్వు, ఆ గొట్టం, నీళ్ళ పంపు కారితే చుక్కలు సరిగ్గా డయాఫ్రమ్ మీదే పడతాయి. (పచ్చగానో నీలంగానో ఉండి తీపి వాసన వేస్తే అది కూలెంట్. దాన్ని మాత్రం నాలుక్కి రాయకండి, విషం.)

యాన్మార్ ఎస్‌డీ20లో డయాఫ్రమ్ రెండు పొరలుగా ఉండి, మధ్యలో నీటి సెన్సర్ ఉంటుంది. బయటి పొర చిరిగితే లోపలి పొర ఆపుతుంది, ప్యానెల్ మీద అలారం మోగుతుంది. ఆ సెన్సర్ తీగ తుప్పు పట్టి ఊడిపోయి ఉంటే రెండు పొరలున్నా మీకు కబురు అందదు. కాబట్టి ప్రతి సీజన్ మొదట్లో దాన్ని చూసుకోవాలి.

ఇంకొక అపోహ కూడా ఇక్కడే తీరాలి. పడవ కింద నిలబడి చూస్తే లెగ్ చుట్టూ పలచని రబ్బరు రెక్కలు అంటించి కనిపిస్తాయి. అవి చినిగాయని చూసి బెంబేలెత్తిపోతారు. అవి నీళ్ళను ఆపడానికి పెట్టినవి కావు. కంత దగ్గర నీటి ప్రవాహం సాఫీగా సాగడానికీ, నత్తగుల్లలు లోపల కాపురం పెట్టకుండా ఉండడానికీ మాత్రమే. వాటిని బయటి నుంచే అంటించుకోవచ్చు, ఇంజిన్‌తో పని లేదు.

షాఫ్ట్ సీళ్ళు: మీరే చేసుకోవచ్చు

ఈ పనిలో నా సలహా సూటిగా ఉంటుంది. చేతికి స్పానర్ అలవాటున్నవాళ్ళెవరైనా చేసుకోవచ్చు. ప్రొపెల్లర్, జింక్ రింగు (లెగ్ బదులు తను తుప్పు పట్టే ఆనోడ్) తీసేశాక, వోల్వో 120ఎస్‌లో బేరింగ్ హౌసింగ్‌ను పట్టుకుని ఉండే బోల్టులు విప్పి, షాఫ్ట్‌తో సహా హౌసింగ్‌ను బయటికి లాగాలి. ఏళ్ళు గడిచిన లెగ్‌లో అది అంత సులువుగా రాదు. స్లైడ్ హామర్ (కడ్డీ మీద బరువు జారించి లాగే పనిముట్టు) అద్దెకు తెచ్చుకుంటే పని తేలికవుతుంది, సుత్తితో అల్యూమినియాన్ని బాదితే లెగ్ పాడవుతుంది. హౌసింగ్ కింద పలచని షిమ్ రేకులుంటే ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, అన్నీ అలాగే తిరిగి పెట్టాలి. గేర్ల మధ్య సందు వాటితోనే నిలబడుతుంది. లోపల రెండు సీళ్ళు పక్కపక్కనే ఉంటాయి. పెకలించే ముందు వాటి పెదవులు, అంటే షాఫ్ట్‌కు ఒరిసే రబ్బరు అంచులు, ఎటు తిరిగి ఉన్నాయో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. కొత్తవి తిరగేసి పెడితే మొదటి రోజే కారతాయి.

ఒరిజినల్ సీళ్ళు కొనాలా, బేరింగుల దుకాణంలో దొరికేవి సరిపోతాయా? పాత సీల్ మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం అంకెల్లో రాసి ఉంటాయి. అదే కొలత, నైట్రైల్ రబ్బరు, లోపలి స్ప్రింగ్ స్టెయిన్‌లెస్ అయితే బేరింగుల దుకాణం సరుకు ధీమాగా వాడుకోవచ్చు. స్ప్రింగ్ మామూలు ఉక్కుదైతే ఉప్పునీటిలో తుప్పు పట్టి తెగిపోతుంది, రబ్బరు ఎంత మంచిదైనా లాభం లేదు. చాలామంది రంగు చూసి, ధర చూసి ఖరీదైన వైటాన్ రబ్బరు సీళ్ళు కొంటారు. వైటాన్ గొప్పతనమంతా వేడికి, రసాయనాలకు తట్టుకోవడంలో ఉంది. చల్లటి సముద్రంలో మునిగి ఉండే షాఫ్ట్‌కు దాంతో పెద్ద ప్రయోజనం లేదు, నేనైతే ఆ డబ్బు స్టెయిన్‌లెస్ స్ప్రింగ్ మీద పెడతాను.

అసలు ఆలోచించాల్సింది షాఫ్ట్ గురించి. పాత సీల్ పెదవి ఒరిసిన చోట గోరుతో అడ్డంగా గీకి చూడండి. గోరు తట్టుకుంటే అక్కడ గాడి పడింది. జాలరి దారం ప్రొపెల్లర్‌కు చుట్టుకుని లోపలికి దూరినా, ఇసుక చేరినా ఇలాగే అవుతుంది. కొత్త సీల్‌ను ఆ గాడిలోనే కూర్చోబెడితే ఒక్క సీజన్ కూడా గ్యారంటీ లేదు. దీనికి మూడు దారులున్నాయి. హౌసింగ్‌లో చోటుంటే సీల్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో జరిపి, పెదవి కొత్త చోట ఒరిసేలా పెట్టడం మొదటిది. ఖర్చేమీ లేదు, గాడి ఒక్కటే ఉంటే నేను ముందు ఇదే చేయమంటాను. రెండోది ఎస్‌కేఎఫ్ స్పీడీ-స్లీవ్ లాంటి పలచని స్టెయిన్‌లెస్ తొడుగు. దాని మందం 0.28 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి సీల్ సైజు మార్చనక్కర్లేదు. జాగ్రత్తగా తొడిగితే ఏళ్ళు నడుస్తుంది, వంకరగా పోతే మాత్రం తీసి పారేయడమే. మూడోది కొత్త షాఫ్ట్. గాడితో పాటు షాఫ్ట్ పళ్ళు, మర చుట్లు కూడా అరిగి ఉంటేనే దానికి డబ్బు పెట్టడం న్యాయం.

సీజన్ మధ్యలో, జులైలో ఆయిల్ రంగు మారితే ఏం చేయాలి? రేవులోకి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ మాత్రమే ఇంజిన్ వాడేవాళ్ళు ఆయిల్ మార్చుకుని, వారానికోసారి డిప్‌స్టిక్ చూసుకుంటూ సెప్టెంబరు దాకా నెట్టుకురావచ్చు. గంటల తరబడి ఇంజిన్ మీదే పోయేవాళ్ళు వెంటనే పైకి లేపించుకోవడం మంచిది, నీళ్ళు కలిసిన ఆయిల్‌లో బేరింగులు ఎక్కువ కాలం బతకవు. ఎవరైనా సరే, ఆ ఆయిల్‌ను చలికాలమంతా లోపల ఉంచకూడదు. అడుగున పేరుకున్న నీళ్ళు గడ్డకట్టి వ్యాకోచిస్తే లెగ్ కేసింగ్ పగలొచ్చు. అప్పుడు మాట్లాడేది సీల్ గురించి కాదు, కొత్త లెగ్ గురించి.

డయాఫ్రమ్: గడువు దగ్గర వచ్చే తర్జనభర్జన

వోల్వో 7 సంవత్సరాలకోసారి మార్చమంటుంది. యాన్మార్ 2 సంవత్సరాలకోసారి మార్చమంటుంది. ఒకే సముద్రంలో, పక్కపక్క పడవల్లో, ఒకే పని చేసే రబ్బర్లకు ఇంత తేడా ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. నిజం చెప్పాలంటే యాన్మార్ గడువును అక్షరాలా పాటించే సొంతదారులు అరుదు. రెండేళ్ళకోసారి ఇంజిన్ జరపడం అంటే ఎవరికీ మనసొప్పదు.

నా అభిప్రాయం ఇది. వోల్వో అయితే 7వ ఏడు దాటనివ్వకండి. యాన్మార్ అయితే ముందు మీ బీమా పాలసీ చదవండి. తయారీదారు చెప్పిన గడువులు పాటించాలన్న షరతు అందులో ఉంటే వాదన అక్కడితో ముగిసింది. షరతు లేకపోతే, సెన్సర్ పనిచేస్తూ ఉండి, ఇంజిన్ గది శుభ్రంగా ఉండి, ఏటా కళ్ళారా చూసుకునే ఓపిక మీకుంటే రెండేళ్ళకు మించి ఉంచుకోవడం అర్థం చేసుకోదగ్గదే. దానికీ నేను పెట్టుకునే హద్దు 7 సంవత్సరాలే.

డయాఫ్రమ్ చిరిగి పడవలు మునగడం చాలా అరుదు, ఆ మాట ఒప్పుకుంటాను. అలాగని 20 ఏళ్ళ రబ్బరును వెనకేసుకు రావడానికి ఆ మాట వాడుకోవడం నాకు నచ్చదు. పడవలో మిగతా కంతలకు పక్కనే ఒక చెక్క బిరడా వేలాడదీస్తాం, గొట్టం తెగితే దాన్ని కొట్టి ఆపుతాం. లెగ్ దిగే కంతకు అలాంటి బిరడా లేదు. పైగా అది ఇంజిన్ కింద, చెయ్యి దూరని చోట ఉంటుంది.

వయసు కంటే రబ్బరును తొందరగా తినేసేవి ఉన్నాయి. ఇంజిన్ కింద డీజిల్, ఆయిల్ కారి దాని మీద నిలిస్తే అది ఉబ్బి మెత్తబడుతుంది. ఇంజిన్ మౌంట్లు (ఇంజిన్ కింది రబ్బరు దిమ్మలు) కుంగిపోతే లెగ్ ఒక పక్కకు ఒరిగి, రబ్బరును రోజంతా లాగుతూ ఉంటుంది. డయాఫ్రమ్ పని నీళ్ళను ఆపడమే, బరువు మోయడం కాదు. నాలుగేళ్ళ రబ్బరైనా ఆయిల్‌లో నానుతూ కనిపిస్తే నేను ఆగను.

పాత పడవ కొనబోతున్నవాళ్ళకు ఒక మాట. "మార్చాం" అని నోటిమాటగా చెబితే రసీదు అడగండి. రసీదు లేకపోతే ఎప్పుడూ మార్చలేదనే లెక్క వేసుకుని, ఆ పని ఖర్చు మొత్తం బేరంలో తగ్గించమనండి.

ఎవరు చేయాలి, ఎలా చేయాలి

ఈ పనిలో రబ్బరు ధర చిన్న భాగం. పెద్ద భాగం అక్కడికి చేరుకోవడం. కాబట్టి కొటేషన్ అడిగే ముందు మీ పడవలో ఇంజిన్ ముందు ఎంత జాగా ఉందో టేపు పెట్టి కొలవండి. మెట్లు తీసేశాక ఇంజిన్ జానెడు, జానెడున్నర ముందుకు జరగగలిగితే, దాన్ని పడవలోనే ఉంచి లెగ్‌ను విడదీసి పైకి లేపుకోవచ్చు. నేను గట్టిగా చెప్పే పద్ధతి ఇదే. ఇంజిన్ కూర్చునే బెడ్ మీద మందపాటి ప్లైవుడ్ పలకలు పరిచి, వెనక ఫ్లైవీల్ వైపు ఆనిక పెట్టి జరిపితే ఇద్దరు మనుషులతో పని సాగుతుంది. జాగా లేకపోతే ఇంజిన్‌ను మొత్తంగా పైకి ఎత్తాలి. 30 హార్స్‌పవర్ మూడు సిలిండర్ల ఇంజిన్, లెగ్ కలిపి 150 కిలోలు దాటుతుంది. దానికి క్రేన్ కావాలి, క్రేన్ నడిపేవాడు కావాలి. అది పడవలు బాగుచేసే యార్డుకు అప్పగించాల్సిన పని.

ఇక్కడ స్వీడన్‌లో ఇంకో చిక్కుంది. చలికాలం తెరస్తంభం దించేస్తాం కాబట్టి బూమ్‌కు (తెరచాప అడుగు అంచును పట్టే అడ్డ దూలానికి) కప్పీ కట్టి లేపే సౌకర్యం ఉండదు. పడవ లోపలికి దిగే ద్వారానికి అడ్డంగా ఒక బలమైన దూలం వేసి, దానికి చైన్ కప్పీ తగిలించుకోవాలి. లెగ్ ఒక్కదాన్ని లేపడానికి అది చాలు.

అక్టోబరులో చేయాలా, ఏప్రిల్‌లో చేయాలా అని కూడా అడుగుతుంటారు. విప్పడం అక్టోబరులో, బిగించడం ఏప్రిల్‌లో అంటాను నేను. విప్పి చూస్తేనే ఇంకేం కావాలో తెలుస్తుంది, ఆ సామాను తెప్పించుకోవడానికి చలికాలమంతా చేతిలో ఉంటుంది. చలిలో రబ్బరు బిరుసెక్కుతుంది, బయటి రెక్కలకు రాసే జిగురు పట్టదు. అన్నీ ఏప్రిల్‌కే వదిలేస్తే యార్డులో మీ వంతు వచ్చేసరికి అందరూ నీళ్ళలో దిగి ఉంటారు, ఆ టెన్షన్‌లో బోల్టు బిగించే చేయి తొందరపడుతుంది.

యార్డుకు ఇచ్చేవాళ్ళు గంటల లెక్కన కాకుండా మొత్తం పనికి ఒక ధర మాట్లాడుకోండి. ఆ ధరలో ఏమేం ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి. లెగ్ అంచును శుభ్రం చేయడం ఉందా, కొత్త ఆయిల్ ఉందా, నీళ్ళలో దించాక మళ్ళీ వచ్చి చూడడం ఉందా? మొదటిదాన్ని చాలామంది పట్టించుకోరు, నా దృష్టిలో పనంతటికీ ప్రాణం అదే. పాత రబ్బరు తీశాక అల్యూమినియం అంచు మీద తెల్లటి పొడి కనిపిస్తుంది. ఉప్పు ఆ లోహాన్ని తింటే మిగిలే తుక్కు అది. ప్లాస్టిక్ గీకుడు పలకతో ఆ పొడిని పూర్తిగా తీసి, వేలు నున్నగా జారేదాకా శుభ్రం చేయాలి. గుంతలు పడి ఉంటే సరిచేయాలి. గరుకు అంచు మీద కొత్త రబ్బరు బిగిస్తే చెమ్మ దాని కింద నుంచే పాకుతుంది. మాన్యువల్ చెప్పనిదే గ్రీజు, సీలెంట్ ఏవీ రాయకూడదు. బోల్టులను ఎదురెదురుగా, విడతల వారీగా, టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే స్పానర్‌తో) బిగించాలి.

డయాఫ్రమ్ విషయంలో నేను ఒరిజినల్ తప్ప వేరేది పెట్టమని చెప్పను. షాఫ్ట్ సీల్‌కు చెప్పిన దుకాణం సలహా ఇక్కడ పనికిరాదు. షాఫ్ట్ సీల్ తప్పుడుదైతే ఆయిల్ రంగు మారుతుంది, మళ్ళీ మార్చుకుంటాం. డయాఫ్రమ్‌లో లోపాన్ని కంటితో కనిపెట్టలేం. కొనేటప్పుడు ఇంజిన్ నంబరు కాకుండా లెగ్ మీదున్న నంబరు చెప్పండి, 120ఎస్ రకాల్లోనే తేడాలున్నాయి. ఎక్కువ కాలం గోదాములో ఉన్న సరుకు కాకుండా తయారీ గుర్తు చూసి కొత్తది తీసుకోండి.

లెగ్ బయటికొచ్చాక పనిలో పనిగా

అన్నీ మార్చేద్దామనిపిస్తుంది, అన్నీ అక్కర్లేదు. లెగ్ పైన ఇంజిన్ వైపు ఉన్న ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ కచ్చితంగా మార్చండి, మళ్ళీ అక్కడికి చేరాలంటే ఇంతా విప్పాలి. షాఫ్ట్ మీది స్ప్లైన్ పళ్ళు చూసి, శుభ్రం చేసి, గ్రీజు రాయండి. రబ్బరు మౌంట్లు పగుళ్ళిచ్చి ఉంటే మార్చండి. ఎగ్జాస్ట్ మోచేయి విప్పి మసి, ఉప్పు ఎంత పట్టాయో చూడండి, ఇప్పుడు అది చేతికి అందుతుంది. వోల్వో లెగ్‌ల్లో గేరు పడేలా చేసే కోన్ క్లచ్ జారుతూ ఉంటే మాత్రం దాన్ని ఇంట్లో విప్పకండి. లెగ్ ఎలాగూ బయట ఉంది కాబట్టి కారు డిక్కీలో వేసుకుని ఆ పని తెలిసిన వర్క్‌షాపుకు ఇచ్చి రండి, నేరుగా పడవ దగ్గరికి మెకానిక్‌ను పిలవడం కంటే చాలా చవక.

ఆయిల్ విషయంలో పక్క పడవ చూసి పోయకండి. కొన్ని లెగ్‌లు ఇంజిన్ ఆయిల్ అడుగుతాయి, కొన్ని గేర్ ఆయిల్ అడుగుతాయి, మీ మోడల్ మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అదే పోయాలి. లెగ్‌కు రాగి ఉన్న యాంటీఫౌలింగ్ పెయింట్ (నాచు, గుల్లలు పట్టకుండా వేసేది) వేయకూడదు, అల్యూమినియం కరిగిపోతుంది. ఆనోడ్ ఉప్పునీటిలో జింక్, బాల్టిక్ లాంటి తక్కువ ఉప్పున్న చోట అల్యూమినియం, మంచినీటి చెరువుల్లో మెగ్నీషియం.

"ఇదంతా ఎందుకు, సెయిల్‌డ్రైవ్ తీసేసి, ఇంజిన్ నుంచి వెనక్కి నేరుగా పోయే మామూలు షాఫ్ట్‌కు మార్చేసుకుంటే పోలా?" అనే ఆలోచన కొందరికి వస్తుంది. పడవ అడుగు కోసి, కొత్త బెడ్ కట్టి, షాఫ్ట్ బయటికి పోయే స్టెర్న్ ట్యూబ్ పెట్టి, అలైన్‌మెంట్ చేయించే ఖర్చుతో డయాఫ్రమ్‌ను ఎన్నోసార్లు మార్చుకోవచ్చు. ఇంకా పడవ కొననివాళ్ళకు ఆ పోలిక అర్థవంతమైనది, ఉన్నవాళ్ళకు కాదు. ఎలక్ట్రిక్ మోటారుకు మారినా, దాని లెగ్ సెయిల్‌డ్రైవ్ తరహాదే అయితే అడుగు కంతకు ఏదో ఒక సీల్ ఉండి తీరుతుంది.

నీళ్ళలో దించే రోజు క్రేన్ మనిషితో ముందే చెప్పి ఉంచండి: పట్టీలు వెంటనే వదలొద్దని. పడవ తేలుతున్నా ఇంకా పట్టీల్లోనే ఉండగా టార్చ్ తీసుకుని లోపలికెళ్ళి, పొడి టిష్యూ కాగితంతో రింగు చుట్టూ తుడిచి చూడండి. తడి తగిలితే అక్కడికక్కడే పైకి లేపించండి. పొడిగా ఉంటే పట్టీలు వదిలించి, ఇంజిన్ నడిపి, మరుసటి రోజు మరోసారి తుడిచి చూడండి. మార్చిన తేదీని లెగ్ పైభాగాన మార్కర్‌తో రాసి, దాని ఫొటో, రబ్బరు కొన్న రసీదు రెండూ బీమా కాగితాలతో కలిపి పెట్టుకోండి. సొంతంగా చేసుకున్న పనికి రేపు మీ దగ్గర ఉండే ఆధారం అదే, పడవ అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేదీ అదే.